పిలిచిన పేరు, మోసిన ముద్ర

తుర్కోళ్లు, సాయిబులు, దూదేకులోళ్లు. నల్లగొండ, పాలమూరు ఊళ్లల్లో మమ్మల్ని పిలిచే మాటలివి. వీటిలో ఒక్కటీ మేం పెట్టుకున్నది కాదు. పిలిచే వాళ్లందరి మనసుల్లో ద్వేషం ఉందని మేం అనడం లేదు. కానీ ఒక మనిషిని ఏ మాటతో పిలుస్తామో, ఏ గంపలో వేస్తామో, ఆ మాట నుంచే, ఆ గంప నుంచే అతని గురించి ఆలోచించడం మొదలవుతుంది. అందుకే మా మీద పడ్డ పేర్ల చరిత్రను మేమే విప్పి చూసుకోవాలి.

తురక అనే మాట తురుష్క నుంచి వచ్చింది. 1323లో ఓరుగల్లు పడిపోయాక వేయించిన ప్రోలయ నాయకుని విలస శాసనం తురుష్కులను దుర్మార్గులుగానే వర్ణించింది. అది ఓడిన రాజ్యం కడుపుమంట. కానీ ఆ తరం గడవకముందే విజయనగర రాజులు ‘హిందూరాయ సురత్రాణ’ అని బిరుదు తగిలించుకున్నారు. సురత్రాణ అంటే సుల్తానే. శత్రువు పేరును కిరీటంలో పెట్టుకున్నారన్న మాట. అక్కడ హిందూ అన్నదీ ఈనాటి అర్థంలో మతం పేరు కాదు. ఢిల్లీ ప్రభువు అశ్వపతి, ఒరిస్సా ప్రభువు గజపతి, విజయనగర ప్రభువు నరపతి అని లెక్కపెట్టిన కాలం అది. గుర్రాలు, ఏనుగులు, కాల్బలం. రాజును దేనితో గుర్తుపట్టాలన్న ప్రశ్నకు దేవుడే ఏకైక జవాబు కాలేదు.

విజయనగరంలో తలదాచుకున్న ఇబ్రహీం కుతుబ్ షా 1550లో గోల్కొండకు తిరిగి వస్తూ పాలమూరు గడ్డ మీది కోయిల్‌కొండ కోటలో ఆగాడు. అక్కడి నాయక్వారీలు ఆయన పక్షాన నిలిచారు. తెలుగు కవులు ఆయనకు ‘మల్కిభరాముడు’ అని పేరు పెట్టుకున్నారు. ఇబ్రహీం భరాముడైతే పరాయివాడు ఎట్లా అవుతాడు?

రాజుల సంగతి వదిలేద్దాం. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకున్న ఇళ్లల్లో బిడ్డ పుడితే సైదులు అని, సైదమ్మ అని పేరు పెడతారు. సైదిరెడ్డి కూడా ఉన్నాడు. పాత పాలమూరు జిల్లాలోని జహంగీర్ పీర్ దర్గా చుట్టుపక్కల జాంగీర్ అనే హిందువులూ ఉన్నారు. మరి అదే సయ్యద్ అనే మాట మా పేరు ముందు ఉంటే పట్నంలో కిరాయి ఇల్లు ఎందుకు దొరకదు? మాట ఒకటే. దాన్ని ఏ గంపలో వేశారన్నదే తేడా.

ఆ గంపను బిగించి కట్టింది 1948. రజాకార్ అంటే స్వచ్ఛంద సేవకుడు. ఖాసిం రజ్వీ మనుషులు ఆ మాటను నెత్తుటిలో ముంచారు. గుండ్రాంపల్లి గాయాన్ని మేం కాదనం, దాచం. కానీ నిజాం మీద రాసిన షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో నరికి చంపింది రజాకార్లే. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో షేక్ బందగీ అనే పేదరైతు భూమి కోసం కోర్టుకెక్కితే, అతన్ని చంపించింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు. నిజాం రాజ్యం ముస్లిం రాజ్యమన్నారు. మరి ఆ రాజ్యంలో వేల ఎకరాలు ఏలిన దేశ్‌ముఖ్‌లు ఎవరు? మట్టి మోసిన బందగీ ఎవరు? ‘ముస్లిం పాలన’ అన్న ఒక్క మాట ఈ రెండు ప్రశ్నలనూ మింగేసింది.

1948 సెప్టెంబర్ 13న సైన్యం ట్యాంకులతో వచ్చింది. దానికి ‘పోలీసు చర్య’ అని పేరు పెట్టారు. పేరు చిన్నది కాబట్టి జరిగింది కూడా చిన్నదనిపించింది. పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. తీవ్రంగా దెబ్బతిన్న ఎనిమిది జిల్లాల్లో నల్లగొండను లెక్కించింది. ఆ నివేదిక జనానికి అందుబాటులోకి వచ్చింది 2013లో. ఈ అరవై ఐదేళ్లూ రజాకార్ అన్న మాట మాత్రం అందరి నోళ్లలోనూ ఉంది. ఒక చావుకు పేరుంది, ఇంకో చావుకు పేరు లేదు. ఇప్పటికీ సెప్టెంబర్ 17 విమోచనమా, విలీనమా, విద్రోహమా తేలలేదు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం సమైక్యతా దినమంది, కేంద్రం విమోచన దినమంది. 2024లో రాష్ట్రంలో అది ప్రజాపాలన దినమయింది. తేదీ అదే. పేరు మారినప్పుడల్లా నేరస్తుడు మారుతుంటాడు.

ఇక సర్కారు జాబితా. 2007లో వెనకబడిన ముస్లిం సమూహాలకు బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ ఇస్తూ చట్టం వచ్చింది. వెంటనే దానికి ‘మత రిజర్వేషన్’ అన్న పేరు అంటించారు. జాబితా చదివిన వాళ్లెంతమంది? తురక చాకలి, గారడీ సాయిబులు, పాములవాళ్లు, అత్తరు సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్లు, రోళ్లకు కక్కు కొట్టే తురక కాశలు. ఇవి మతం పేర్లా? పని పేర్లు. అన్నీ తెలుగు ఊరు పెట్టిన పేర్లు. సయ్యద్‌లను, మొగల్‌లను, పఠాన్‌లను చట్టమే పక్కన పెట్టింది. హైకోర్టు 2010 ఫిబ్రవరిలో చట్టాన్ని కొట్టేస్తే, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఆ కోటా నిలబడింది.

ఈ జాబితా మా ఇంటిలోపలి అబద్ధాన్ని కూడా బయటపెట్టింది. మసీదులో ఒకే వరసలో నిలబడతాం. పెళ్లి సంబంధం దగ్గర మాత్రం వరసలు వేరవుతాయి. దూది ఏకి బతికిన వాళ్లను, తెలుగే తల్లిభాష అయినవాళ్లను, ఉర్దూ రాదన్న సాకుతో సగం ముస్లింలుగా చూసిన అష్రఫ్‌లు ఉన్నారు. దూదేకులను బయటివాళ్లు తురకలన్నారు, లోపలివాళ్లు కాదన్నారు. ఆ ఇద్దరి మధ్యా వాళ్లకు మిగిలింది ఏకుడుబద్ద.

పేర్లే వద్దని మేం అనడం లేదు. పేరు లేకపోతే జనాభా లెక్కలో మేం ఉండం, బడిలో సీటు ఉండదు, 1948 చావులకు సాక్ష్యం ఉండదు. పేరు పెట్టే అధికారం ఎవరిదన్నదే మా ప్రశ్న. ముస్లిం అని రాసేముందు ఏ ముస్లిం అని అడగండి. నవాబా, రోలుకు కక్కు కొట్టేవాడా? దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన బందగీయా, రజ్వీయా? ఊరి నుంచి బొంబాయికి వలసపోయే పాలమూరు కూలీనా? ఆ ప్రశ్న అడిగిన రోజు మా పక్కన నిలబడ్డ మాదిగ కూలీ, చాకలి, మంగలి కూడా మీకు కనిపిస్తారు.