కుట్టని కోత

1911. జర్మనీలోని మ్యూన్‌స్టర్ పట్టణం. ఆపరేషన్ బల్ల మీద ఒక పసివాడు. తొలిచూలు బిడ్డ, పెద్దింటి వారసుడు. తాగిన పాలు తాగినట్టే ఎగజిమ్ముతూ చిక్కి శల్యమయ్యాడు.

సర్జన్ కొన్రాడ్ రామ్‌స్టెట్‌కు ఈ జబ్బు తెలుసు. జీర్ణాశయం నుంచి చిన్నపేగులోకి పాలు దిగే చోట కండరం దళసరెక్కి దారి పూడుకుపోతుంది. డెన్మార్క్ డాక్టరు హిర్ష్‌స్ప్రంగ్ 1888లోనే దీన్ని వివరంగా రాశాడు. తెలిసి ఏం లాభం? అప్పటి ఆపరేషన్లకు తట్టుకోలేక చాలామంది పసివాళ్లు పోయేవారు.

రామ్‌స్టెట్ కండరాన్ని పొడవునా చీల్చాడు. లోపలి పల్చటి పొరకు కత్తి తగలనివ్వలేదు. పద్ధతి ప్రకారం ఆ చీలికను ఇప్పుడు అడ్డంగా కుట్టాలి. కుట్టబోతే దారం కండరాన్ని కోసుకుంటూ ఊడి వచ్చేసింది. దారి ఎలాగూ తెరుచుకుంది కదా, ఇక కుట్టెందుకు? ఆ ఆలోచన అక్కడే వచ్చిందాయనకు. చీలిక మీద కడుపులోని కొవ్వు పొర కప్పి, పొట్ట మూసేశాడు. వాంతులు ఇంకొన్నాళ్లు సాగి ఆగిపోయాయి. బిడ్డ బతికాడు. మరుసటి ఏడు ఇంకో బిడ్డకు అసలు కుట్టే ప్రయత్నమే చేయలేదు. ఆ బిడ్డకు వాంతులు వెంటనే ఆగాయి. కుట్టు ఊడటం అదృష్టం కావచ్చు. మళ్లీ వేయకపోవడం మాత్రం అదృష్టం కాదు.

నేడు లాప్రోస్కోపీతో చేసినా అదే కోత. అయితే ముందు సెలైన్ ఎక్కిస్తారు. వాంతుల్లో ఆమ్లం పోయి ఒంట్లో క్లోరైడు, పొటాషియం పడిపోతాయి. ఆ స్థితిలో మత్తిస్తే బిడ్డ ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. రక్త పరీక్షలో అవి సరిపడ్డాకే కత్తి పడుతుంది. 'ఇంకా ఆపరేషన్ చేయరేం' అని డాక్టర్ల మీద కేకలేసే బంధువులు ఇది తెలుసుకోవాలి.

ఈ జబ్బు సాధారణంగా మూడు నుంచి ఆరు వారాల వయసులో, మగపిల్లల్లో ఎక్కువగా వస్తుంది. బిడ్డ పాలు తాగిన కాసేపటికే దూరంగా పడేలా కక్కుతాడు, వెంటనే మళ్లీ ఆకలని ఏడుస్తాడు. పాలు పడలేదని డబ్బా మార్చడం, దిష్టి తీయడం... ఈలోగా రోజులు గడిచిపోతాయి. డాక్టరు చేతికి పొట్ట పైభాగాన, కుడివైపు రేగుకాయంత గట్టి గడ్డ తగలవచ్చు. స్కానింగ్‌లో కండరం మందం 3 మిల్లీమీటర్లు దాటితే దాదాపు తేలిపోయినట్టే.

ఉచ్చ తగ్గినా, మాడు గుంటపడినా ఆలస్యం చేయకండి. వాంతి ఆకుపచ్చగా ఉంటే పేగు మెలిపడి ఉండవచ్చు. తెల్లారేదాకా ఆగకుండా పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.