హైదరాబాదు ట్యాంక్‌బండ్ రహదారి – మార్గం, చరిత్ర, సాహిత్య స్మృతి

ఉపోద్ఘాతం

హైదరాబాదు, సికింద్రాబాదు నగరాలను కలిపే రహదారుల్లో హుస్సేన్‌సాగర్ కట్ట మీదుగా సాగే ట్యాంక్‌బండ్ మార్గానికి విశిష్ట స్థానం ఉంది. నాలుగున్నర శతాబ్దాల కాలంలో ఇది మొదట నీటిని నిలిపిన కట్టగా, తరువాత రెండు నగరాల నడుమ బాటగా, చివరకు తెలుగు ప్రముఖుల విగ్రహాలు కొలువుదీరిన స్మృతిపథంగా పరిణమించింది. నన్నయ మొదలు శ్రీశ్రీ వరకు కవులను ఒకే రహదారి మీద నిలబెట్టడం నగరాలంకరణకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. అది ఒక సాహిత్య చరిత్ర రచన. ఏ సాహిత్య చరిత్రకైనా ఉన్నట్లే దీనికీ ఎంపిక ఉంది, విస్మరణ ఉంది. 2011లో ఇక్కడి విగ్రహాలపై జరిగిన దాడిని శాంతిభద్రతల సంఘటనగానో, కేవలం రాజకీయావేశంగానో చూస్తే దాని వెనుక ఉన్న సాహిత్య వివాదం మరుగున పడుతుంది. ఆ వివాదానికి 1934 నాటి ‘గోలకొండ కవుల సంచిక’తో సంబంధం ఉందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మార్గ స్వరూపం

ఈ రహదారి దక్షిణాన సచివాలయ ప్రాంతానికి సమీపంలోని అంబేద్కర్ విగ్రహం కూడలి వద్ద మొదలై, ఉత్తరాన సెయిలింగ్ క్లబ్ మీదుగా రాణీగంజ్ వైపు సాగుతుంది. అక్కడి నుండి సికింద్రాబాదు మహాత్మాగాంధీ రోడ్డును అందుకోవచ్చు. పూర్వం దానికి జేమ్స్ స్ట్రీట్ అని పేరు. కట్ట మీది భాగం పొడవు సుమారు రెండు కిలోమీటర్లు. పడమట జలాశయం, తూర్పున పల్లపు ప్రాంతంలో దోమలగూడ, ఇందిరా పార్కు, కవాడిగూడ ఉన్నాయి. ఆ దిగువ మార్గాన్నే లోయర్ ట్యాంక్‌బండ్ అంటారు.

‘ట్యాంక్‌బండ్’ అంటే చెరువుకట్ట అనే అర్థం. ఇంగ్లీషు పేరు వాడుకలో స్థిరపడినా తెలుగు మాట పూర్తిగా పోలేదు. కట్ట దిగువన వెలసిన కట్టమైసమ్మ పేరులో అది నిలిచి ఉంది. తెలంగాణ గ్రామాల్లో చెరువు తెగకుండా కాపాడే దేవతగా మైసమ్మను కొలవడం ఆచారం. మహానగరం నడిబొడ్డున కూడా ఆ కొలుపు కొనసాగుతున్నదంటే, ఇది మొదట చెరువుకట్ట, తరువాతే రహదారి అన్న ఎరుక జనవ్యవహారంలో మిగిలి ఉందని భావించవచ్చు.

కట్ట నిర్మాణం – నిర్మాత

గోలకొండను 1550 నుండి 1580 వరకు పాలించిన ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో ఈ కట్ట నిర్మాణం జరిగింది. జలాశయానికి ఆయన పేరే నిలిచింది. హైదరాబాదు నగర నిర్మాణం 1591లో జరిగింది. కాబట్టి ఈ కట్ట నగరం కంటే దాదాపు మూడు దశాబ్దాలు పెద్దది.

ఇబ్రహీం జీవితం తెలుగు సాహిత్య చరిత్రకు సన్నిహితమైనది. రాజ్యానికి రాకముందు ఆయన కొన్నేళ్లు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో గడిపాడు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని కీర్తించారు. అద్దంకి గంగాధరకవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకు అంకితమైంది. తొలి అచ్చతెలుగు కావ్యంగా ప్రసిద్ధమైన పొన్నికంటి తెలగనార్యుని ‘యయాతి చరిత్ర’ను అందుకున్న అమీనుఖాను కూడా ఆయన కొలువులోని వాడే. చెరువు తవ్వించడం, కృతిభర్త కావడం రెండూ సప్తసంతానాల్లో చేరినవి. తెలుగు సంప్రదాయం రాజు నుండి ఆశించిన ఆ రెండు కార్యాలనూ ఇబ్రహీం నిర్వర్తించాడు.

అయితే కట్ట పూర్తయిన కొద్దికాలానికే, 1565 యుద్ధంలో, ఇదే ఇబ్రహీం దక్కను సుల్తానుల కూటమిలో చేరి తనకు ఆశ్రయమిచ్చిన రామరాయలపై నిలిచాడు. రామరాయలు హతుడయ్యాడు. తిరుమలరాయలు విజయనగరాన్ని విడిచి పెనుకొండకు తరలిపోయాడు. ఆ విధంగా ఈ కట్ట కథ రాయలసీమ చరిత్రతోనూ ముడిపడింది.

బాట నుండి రహదారికి

1798 సైనిక సహకార ఒప్పందం తరువాత హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన బ్రిటిషు సైన్యం స్థావరం ఏర్పరచుకొంది. నిజాం సికందర్ జా పేరిట 1806లో ఆ ప్రాంతం సికింద్రాబాదు అయింది. అంతవరకు నీటిని నిలపడం ప్రధాన ప్రయోజనంగా ఉన్న కట్ట, రెండు పాలనా వ్యవస్థల నడుమ రాకపోకల మార్గంగా కొత్త ప్రాధాన్యం పొందింది. 1883 నాటి సైదానిమా సమాధి రాణీగంజ్ వైపు నేటికీ కనిపిస్తుంది.

1908 మూసీ వరదల అనంతరం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నిర్మాణాలు జరిగాయి. వాటితో నగర తాగునీటికి హుస్సేన్‌సాగర్ మీద ఆధారపడే అవసరం తగ్గింది. నీటి ప్రయోజనం సన్నగిల్లిన కొద్దీ విహారస్థలంగా దీని విలువ పెరిగింది. మైసూరు దివానుగా బెంగుళూరును తీర్చిదిద్దిన సర్ మీర్జా ఇస్మాయిల్ 1946లో హైదరాబాదు ప్రధానమంత్రిగా ఉన్నప్పుడు ఈ రహదారిని విస్తరింపజేశాడు. 1980వ దశకం చివరలో మరోసారి విస్తరణ జరిగింది.

కంచులో కవిపరంపర

1986లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం ఈ రహదారి వెంట 30కి పైగా కాంస్య విగ్రహాలను ప్రతిష్ఠించింది. కవిత్రయం, పోతన, మొల్ల, వేమన, అన్నమాచార్యుడు, క్షేత్రయ్య, త్యాగయ్య, వీరేశలింగం, గురజాడ, త్రిపురనేని, జాషువ, శ్రీశ్రీ అందులో ఉన్నారు. శ్రీకృష్ణదేవరాయలు, రుద్రమదేవి, తానీషా, మహబూబ్ అలీఖాన్, కాటన్, మఖ్దూం మొహియుద్దీన్ కూడా ఉన్నారు. పదకర్తలకూ సంస్కర్తలకూ చోటివ్వడం, మొల్ల వంటి కవయిత్రిని చేర్చడం, ఉర్దూ కవి మఖ్దూంను తెలుగు కవుల సరసన నిలపడం ఈ ఎంపికలోని ఉదారతను తెలుపుతాయి.

అదే సమయంలో లోపాలూ స్పష్టం. దేశి కవితకు, ద్విపదకు గౌరవం తెచ్చిన పాల్కురికి సోమనాథుడు ఈ వరుసలో లేడు. కట్టను కట్టించి, తెలుగు కావ్యానికి కృతిభర్త అయిన ఇబ్రహీం కుతుబ్‌షా కూడా లేడు. తెలంగాణకు చెందిన వారిగా పోతన, రామదాసు, రుద్రమ, సురవరం ప్రతాపరెడ్డి మొదలైన కొద్దిమంది మాత్రమే కనిపిస్తారు. విగ్రహాలు నిలిచిన నేల తెలంగాణది కాగా, వాటిలో సింహభాగం ఇతర ప్రాంతాల వారివి.

ఈ అసమతుల్యతపై చర్చ 1986తో మొదలైనది కాదు. తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవుల రచనలతో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రచురించాడు. సాహిత్య చరిత్రలో ఎవరికి చోటు దక్కాలి అన్న ప్రశ్నను ఆయన గ్రంథరూపంలో లేవనెత్తాడు. అర్ధశతాబ్ది తరువాత ఆయన విగ్రహానికి ఈ రహదారిలో స్థానం లభించింది గాని ఆయన ప్రశ్నకు సమాధానం లభించలేదు.

2011 మార్చి 10 – అనంతర పరిణామాలు

ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో భాగంగా 2011 మార్చి 10న ఈ రహదారిపై జరిగిన మిలియన్ మార్చ్‌లో పలు విగ్రహాలు ధ్వంసమయ్యాయి. పీడితుల పక్షాన పలికిన శ్రీశ్రీ, అస్పృశ్యతను ఎదిరించిన జాషువ విగ్రహాలు కూడా వాటిలో ఉండటం అనేకమందిని బాధించింది. కవులను ప్రాంతానికి పరిమితం చేయరాదన్న వాదం ఒకవైపు, ఒక ప్రాంతపు వారసత్వాన్నే అందరి వారసత్వంగా ప్రదర్శించారన్న వాదం మరొకవైపు నిలిచాయి. మొదటి వాదంలోని న్యాయం విగ్రహభంగాన్ని ఖండించడానికి చాలు. కాని రెండవ వాదంలోని చారిత్రక సత్యాన్ని అది తోసిపుచ్చలేదు.

కూలిన విగ్రహాలను మళ్ళీ నిలబెట్టారు. కొమరం భీం విగ్రహం కూడా ఈ మార్గంలో చేరింది. 2014లో రాష్ట్రం ఏర్పడిన తరువాత ఆ విగ్రహాలను తొలగించలేదు. ఇదే కట్ట మీద సద్దుల బతుకమ్మను అధికారికంగా నిర్వహించే ఆనవాయితీ మొదలైంది. కంచులో చోటు దక్కని జానపద వాఙ్మయం ఆ విధంగా పాటగా ఈ మార్గంలోకి ప్రవేశించింది. తొలగింపుతో కాక, చేర్పుతో వివాదాన్ని పరిష్కరించుకొనే పద్ధతి ఇందులో కనిపిస్తుంది.

ముగింపు

హుస్సేన్‌సాగర్ కట్ట పరిణామ క్రమంలో ప్రతి దశా పూర్వదశను పూర్తిగా చెరిపివేయలేదు. రహదారి దిగువన కట్టమైసమ్మ, విగ్రహాల సరసన బతుకమ్మ కొనసాగుతున్నాయి. 1565లో ఎదురుపడిన రెండు రాజ్యాల వారసత్వం కూడా ఇక్కడ కలిసింది. గోలకొండ సుల్తాను వేయించిన కట్టపై విజయనగర చక్రవర్తి విగ్రహం నిలిచి ఉంది. అయితే ఆ కట్ట నిర్మాతకు, పాల్కురికి సోమనాథునికి ఆ వరుసలో స్థానం కల్పించనంత వరకు 1934 నాటి ప్రశ్న సజీవంగానే ఉంటుంది. తెలుగు సాహిత్య చరిత్రను బోధించేవారు ఈ రహదారిని కూడా ఒక పాఠంగా స్వీకరించి, ఉన్నవారితో పాటు లేనివారిని గురించీ విద్యార్థులతో చర్చించవలసి ఉంది.