0.4 కథ

గిద్దలూరు దాటాక నల్లమల అంచున ఒక పల్లె. అక్కడి జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివిన అమ్మాయికి పదో తరగతిలో 550 మార్కులు వచ్చాయనుకుందాం. గుంటూరులో ఫీజు కట్టి, హాస్టల్లో ఉండి, తెల్లవారుజామున ఒక స్టడీ అవర్, రాత్రి మరో స్టడీ అవర్ చేసిన అబ్బాయికి 570 వచ్చాయి. మంచి కాలేజీలో సీటు ఒక్కటే ఉంది. ఎవరికివ్వాలి? చూడ్డానికి చిన్న లెక్కే. దీన్ని తేల్చలేక ఎన్నో దేశాల చదువుల పెద్దలు దాదాపు వందేళ్లుగా తలలు పట్టుకున్నారు. ఆ వెతుకులాటలో మన తెలుగు నేల మీద దొరికిన జవాబు కథ ఇది.

కథ అమెరికాలో మొదలవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ సైనికులకు తెలివితేటల పరీక్షలు పెట్టారు. ఆ పనిలో పాల్గొన్న కార్ల్ బ్రిగమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆ అనుభవంతోనే కాలేజీ ప్రవేశాలకు శాట్ పరీక్షను రూపొందించాడు. 1926లో దాన్ని తొలిసారి నిర్వహించారు. 1933లో హార్వర్డ్ అధ్యక్షుడైన జేమ్స్ కోనంట్‌కు ఒక దిగులుండేది. తూర్పు తీరపు ధనవంతుల పిల్లలే తన విశ్వవిద్యాలయానికి వస్తున్నారు, దూరపు ఊళ్లలో మామూలు బడుల్లో చదివే చురుకైన పిల్లలు రావడం లేదు. వాళ్లను వెతికి స్కాలర్‌షిప్‌లు ఇవ్వడానికి ఆయన శాట్‌ను ఎంచుకున్నాడు. చదివిన బడితో పనిలేకుండా పిల్లవాడి తెలివి ఒక్కటే బయటపడుతుందని ఆశ. ఆ ఆశ గొప్పదే. కానీ కొన్నేళ్లకే బ్రూక్లిన్‌లో స్టాన్లీ కాప్లాన్ అనే యువకుడు తన ఇంటి నేలమాళిగలోనే ఆ పరీక్షకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పిస్తే మార్కులు పెరుగుతాయని తేలిపోయింది.

మన దగ్గరా దాదాపు ఇదే జరిగింది. డబ్బు పోసినవాళ్లకు ప్రైవేటు కాలేజీల్లో సీట్లు దొరికే రోజుల్లో, 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం తెచ్చింది. ఎంసెట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష పాతుకుపోయింది. అందరికీ ఒకే ప్రశ్నపత్రం, వచ్చిన ర్యాంకును బట్టే సీటు. కూలివాడి కొడుకు కూడా ర్యాంకు కార్డు పట్టుకుని కౌన్సెలింగ్‌కు ధైర్యంగా వెళ్లగలిగాడు. ఎంసెట్ చేసిన ఈ మేలును తక్కువ చేయడం అన్యాయం.

అయితే ర్యాంకు ఎక్కడ తయారవుతుందో అక్కడికి జనం కదిలారు. గుంటూరు, విజయవాడ, నెల్లూరు కోచింగులకు పేరుపడ్డాయి. గుంటూరు–నంద్యాల రైలు గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు స్టేషన్ల మీదుగానే పోతుంది. ఫీజు కట్టగల ఇళ్ల పిల్లలకు ఆ రైలు అందింది. వానలు చాలక, బోర్లు ఎండిపోయి, పనులు వెతుక్కుంటూ వలస వెళ్లే ఇళ్ల పిల్లలు ఆ రైలు అందుకోలేకపోయారు. ఎన్నో ఊళ్ల బడులకు పలకలు పంపిన మార్కాపురం పక్కనే, పై చదువు అందని పిల్లలు అంతమంది ఉండటం నన్ను ఎప్పుడూ కలచివేసే విషయం.

ఈ ముడి విప్పడానికి 1997లో అమెరికాలోని టెక్సాస్ ఒక కొత్త దారి తొక్కింది. ప్రతి హైస్కూల్లోనూ పై పదిశాతంలో నిలిచినవాళ్లకు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చోటు ఖాయమని చట్టం చేసింది. రాష్ట్రమంతటితో పోల్చే పని మానేసి, ఎవరి బడిలో వాళ్లు ఎక్కడ నిలిచారో చూశారు.

అలాంటి ఆలోచనే 2008లో మన దగ్గర ఇంకో రూపంలో వచ్చింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని స్థాపించింది. జనం నోట్లో అది ట్రిపుల్ ఐటీ. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మూడు ప్రాంగణాలు, ఒక్కోదానిలో మొదటి ఏడాది దాదాపు రెండు వేల మంది. పదో తరగతి కాగానే తీసుకుని ఆరేళ్లు అక్కడే ఉంచి ఇంజనీరును చేసి పంపడం దాని పద్ధతి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధలో కృషికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి ఈ ప్రయత్నానికి వెన్నుదన్నుగా నిలిచి, ఛాన్సలర్ అయ్యారు. ప్రతి మండలంలోనూ ముందు వరుసలో నిలిచిన గ్రామీణ పిల్లలకు తలుపు తెరవాలన్నది మూల సంకల్పం. ప్రవేశ పరీక్ష పెట్టలేదు. పెడితే ఆరో తరగతి నుంచే దానికీ కోచింగు మొదలయ్యేది. పదో తరగతి మార్కులే కొలమానం అయ్యాయి.

చిక్కు మళ్లీ మార్కుల దగ్గరే వచ్చింది. 2012 నుంచి పదో తరగతిలో మార్కులు పోయి గ్రేడ్లు వచ్చాయి. పదికి పది తెచ్చుకున్నవాళ్లు లెక్కకు మించి తేలారు, వాళ్లలో ప్రైవేటు బడుల పిల్లలు ఎందరో. సమానంగా నిలిచినవాళ్లను విడదీయడానికి ముందు లెక్కల గ్రేడు, తర్వాత సైన్సు, ఇంగ్లీషు, సోషల్, మొదటి భాష చూసేవారు. అప్పటికీ తేలకపోతే వయసులో పెద్దవారెవరో చూసేవారు. అదీ కుదరకపోతే హాల్‌టికెట్ నంబరు ఆధారంగా కంప్యూటరు తీసిన ఒక అంకె. పదేళ్ల చదువు ఆఖరికి అదృష్టానికి అప్పజెప్పాల్సిన పరిస్థితి.

ఇక్కడే 0.4 పని చేసింది. హాస్టల్ వసతి లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల్లో చదివిన పిల్లల గ్రేడు పాయింట్లకు 0.4 కలపాలన్నారు. దాన్ని డిప్రివేషన్ స్కోరు అన్నారు. 9.7 తెచ్చుకున్న జిల్లా పరిషత్ బడి అమ్మాయికి 10.1 అవుతుంది. పదికి పది వచ్చిన కార్పొరేట్ స్కూలు పిల్లవాడికి పదే ఉంటుంది. అమ్మాయి ఒక మెట్టు పైన నిలుస్తుంది. ఇంట్లో కరెంటు పోయినా, పొలం పనికి వెళ్లొచ్చినా, ట్యూషన్ లేకపోయినా తెచ్చుకున్న మార్కు బరువు ఎక్కువని ఒక విశ్వవిద్యాలయం అంకెల్లో ఒప్పుకోవడం నా దృష్టిలో చాలా పెద్ద విషయం. దీనిలో లోటు లేదని అనను. కంభంలోనో బేస్తవారిపేటలోనో ఒక చిన్న ప్రైవేటు బడికి అప్పు చేసి పంపిన కూలీ తల్లి బిడ్డకు ఈ 0.4 అందదు.

2016లో శ్రీకాకుళం, ఒంగోలు పేర్లతో మరో రెండు ట్రిపుల్ ఐటీలు వచ్చాయి. ఒంగోలు ట్రిపుల్ ఐటీ తరగతులు మొదట ఇడుపులపాయలోనే నడిచాయి. ప్రకాశం జిల్లా పిల్లలకు తమ జిల్లా కేంద్రం పేరుతో ఒక చోటు దొరికింది.

అంతలో కరోనా వచ్చిపడింది. 2020లో పదో తరగతి పరీక్షలే రద్దయ్యాయి. కొలమానమే లేకుండా పోయింది. విశ్వవిద్యాలయం తప్పనిసరై ఆ డిసెంబరులో ప్రవేశ పరీక్ష పెట్టింది, 2021 సెప్టెంబరులో మళ్లీ పెట్టింది. విచిత్రంగా సరిగ్గా అప్పుడే అమెరికాలో దీనికి ఎదురు జరిగింది. మసాచుసెట్స్‌లోని ఎంఐటీ కరోనా వల్ల శాట్ నిబంధనను పక్కన పెట్టింది. 2022లో తిరిగి తెచ్చింది. మంచి సౌకర్యాలు లేని బడుల నుంచి వచ్చే తెలివైన పిల్లలను గుర్తించడానికి ఆ మార్కు తమకు తోడ్పడుతుందని కారణం చెప్పింది. అదే ఏడాది మన ట్రిపుల్ ఐటీలు ప్రవేశ పరీక్షను వదిలి పదో తరగతి మార్కులకు తిరిగొచ్చాయి. అక్కడా ఇక్కడా వెతుకుతున్నది ఒకే పిల్లను. పరీక్ష ఉండాలా వద్దా అన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. ఆ పిల్ల ఏ బడిలో, ఏ వసతుల మధ్య ఆ మార్కు తెచ్చుకుందో చూడటం మొదటి పని. ఎంఐటీ ఆ పని దరఖాస్తు మొత్తం చదివి చేస్తుంది. మనవాళ్లు ఒక చిన్న దశాంశంతో చేశారు.

గ్రేడ్లు పోయి మళ్లీ మార్కులొచ్చాక ఆ 0.4 కాస్తా నాలుగు శాతం అదనంగా మారింది. గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు హైస్కూళ్ల ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఒక మనవి. పదో తరగతి ఫలితాలు రాగానే ట్రిపుల్ ఐటీ నోటిఫికేషన్ కోసం చూడండి. మంచి మార్కులొచ్చిన ప్రతి బిడ్డ చేతా దరఖాస్తు పెట్టించండి. ఏ బడిలో చదివారో రాసే గడిని తప్పు లేకుండా నింపించండి. ఆ నాలుగు శాతం కలిసేది ఆ గడిని బట్టే.