మన కొల్లేరు – చేపల చెరువులు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న మన కొల్లేరులో వెనకటి రోజుల్లో చేపల్ని పట్టేవారే గాని పెంచేవారు కాదు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెచ్చేవి. ఎక్కువైన నీరు ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోయేది. సరస్సు నీళ్లే ముంచుకుని తాగేవాళ్లమని మన పెద్దోళ్లు చెబుతారు.

1970ల్లో ప్రభుత్వమే మత్స్యకార సొసైటీలకు చెరువులు ఇప్పించింది. తర్వాత డబ్బున్నోళ్లు లీజులకు దిగారు. గట్లు పెరిగి నీటి నడక ఆగింది. చేపలు తినగా మిగిలిన మేత అడుగున కుళ్లి నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. అందుకే మబ్బు పట్టిన రోజు గడిచి తెల్లారేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి.

1999లో +5 కాంటూరు వరకు అభయారణ్యమని ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. వాటితోపాటు ఎందరికో కూలి పనీ పోయింది.

ఇప్పుడు మన సంఘాల్లోనూ చేపల చెరువు లీజుకు అప్పు అడుగుతున్నారు. తీర్మానం రాసేముందు రెండు సంగతులు చూద్దాం: ఆ చెరువు కాంటూరు లోపల ఉందా? వాడిన నీరు ఎక్కడికి వదులుతారు? నీరు ఎన్ని చేపల్ని మోయగలదో అన్నే వేయాలి. గట్టు తెగితే చేపలు పోతాయి, అప్పు మాత్రం మన పుస్తకంలోనే ఉంటుంది.