గురువు, శిష్యుడు, చిల్లంగి

మన జానపద సినిమాల్లో, మంత్రతంత్రాల నవలల్లో మాంత్రికుడి వెంట చాలాసార్లు ఒక శిష్యుడుంటాడు. గురువు క్రూరత్వం గురించీ, ఆ పాత్ర వేసిన నటుడి గొంతు గురించీ మనం చాలా మాట్లాడుకున్నాం. శిష్యుడు మాత్రం హాస్యానికో, సేవకో ఉన్నాడనుకుని వదిలేశాం. ఆ జంటని పక్కపక్కన పెట్టి చూస్తే విద్య ఎవరి చేతిలో ఉండాలి, ఎవరి శరీరం మీద ప్రయోగించాలి అన్న విషయంలో మన సాహిత్యానికున్న నమ్మకాలు బయటపడతాయి. జానపద సాహిత్య పరిశోధన కోసం ముంచింగిపుట్టు కొండల్లో తిరిగిన నాకు ఇది పాత సినిమాలకే పరిమితమైన చర్చగా కనిపించడం లేదు.

ముందు సినిమా సంగతే చూద్దాం. 1951లో విజయా సంస్థ కె.వి. రెడ్డి దర్శకత్వంలో తీసిన 'పాతాళభైరవి'కి మూలం కాశీమజిలీ కథలంటారు. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ఆ కథలన్నీ మణిసిద్ధుడనే గురువు, కాశీకి నడుస్తూ, పశులకాపరి కుర్రవాడికి చెప్పినవి. అక్కడి గురుశిష్యులు కథలు పంచుకునేవాళ్ళు. పింగళి నాగేంద్రరావు రచనతో వచ్చిన సినిమాలోని గురుశిష్యులు వేరే రకం. నేపాళ మాంత్రికుడికి (ఎస్.వి. రంగారావు) సాహసవంతుడైన యువకుడు కావాలి, దేవికి బలి ఇవ్వడానికి. ఆ బలి తిరగబడి మాంత్రికుడే చచ్చిపోతాడు. కథ అక్కడితో అయిపోవాలి. కానీ శిష్యుడు సదాజపుడు (పద్మనాభం) సంజీవనితో గురువుని బతికిస్తాడు. సినిమా రెండో సగమంతా ఆ బతికించడం వల్లే సాధ్యమైంది. శిష్యుడు చేసే అసలు పని ఇదే. దుర్మార్గం చావుతో ముగిసిపోకుండా, కథకి తరువాయి ఉండేలా చూడడం.

పాశ్చాత్యుల విజ్ఞాన ఫాంటసీల్లోనూ ఈ జంట ఉంది. 'స్టార్ వార్స్' చిత్రాల్లో 1983లో వచ్చిన 'రిటర్న్ ఆఫ్ ది జెడై'లో శిష్యుడైన డార్త్ వేడర్ తన కొడుకుని కాపాడుకోవడానికి గురువైన చక్రవర్తిని చంపుతాడు. అక్కడ శిష్యుడిది తిరుగుబాటు, ఇక్కడ విధేయత. రెండు చోట్లా శక్తి మగవాళ్ళ మధ్యే చేతులు మారుతుంది. మన కథలో అయితే సాక్షాత్తూ దేవత కూడా ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు చెప్పిన పని చేస్తుంది. రాకుమారి ఇందుమతి ఎత్తుకుపోబడుతుంది, తిరిగి గెలుచుకోబడుతుంది. శక్తి పేరు స్త్రీది, యాజమాన్యం పురుషుడిది.

ఇంకొక విషయం మాంత్రికుడి చిరునామా. బాలనాగమ్మను ఎత్తుకుపోయినవాడు మాయల మరాఠీ. తోటరాముణ్ణి మోసగించినవాడు నేపాళ మాంత్రికుడు. వాడుకలో మళయాళ మంత్రమంటేనే ఒక జంకు. అంటే మనకి భయం పుట్టించేవాడు మనవాడు కాకూడదు. 1980ల తొలి సంవత్సరాల్లో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' సీరియల్‌గా వచ్చి సంచలనం సృష్టించేనాటికి ఆ చిరునామా అడవి దాపుకి మారింది. పట్నపు మధ్యతరగతి ఇంట్లో తులసి అనే చిన్నపిల్ల. ఆమె మీద క్షుద్ర ప్రయోగం. ఒకవైపు వైద్యం, హిప్నాటిజం, మరోవైపు చేతబడి. సైన్సూ క్షుద్రవిద్యా సమాన స్థాయిలో తలపడినట్టు చూపించడం ఆ నవల ఆకర్షణ. మొదటి నవలలో భయపెట్టింది కాద్రా అయితే, రెండో భాగమైన 'తులసి'లో ఆ పని దార్కా అందుకున్నాడు. మాంత్రికుడి స్థానం ఖాళీగా ఉండడానికి వీల్లేదు. మూఢనమ్మకాలని అమ్ముకుంటున్నారని రంగనాయకమ్మ గట్టిగా విమర్శించారు. ఆ విమర్శకి ఒక ప్రశ్న కలపాలనిపిస్తుంది. నవలలో ప్రమాదం అడవి నుంచి పట్నానికి వస్తుంది. మరి నిజజీవితంలో ఆ భయానికి బలయ్యేది ఎవరు?

2022 దాకా విశాఖ జిల్లాలోనూ, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోనూ ఉన్న ముంచింగిపుట్టుకి ఆవల ఒడిశాలోని కొరాపుట్ కొండలు. పోర్జా, కోందు, గదబ, కోటియా, బగత, వాల్మీకి జనం సంతలో ఒకరితో ఒకరు ఆదివాసీ ఒరియాలోనో తెలుగులోనో మాట్లాడుకుంటారు. ఈ కొండల గురించి మైదానానికి తెలిసిన తొలి కథలు దొరలు రాసినవే. నరబలి మాన్పించడానికని 1845లో కంపెనీ ప్రభుత్వం మెరియా ఏజెన్సీ పెట్టింది. 1909లో థర్‌స్టన్ ఏడు సంపుటాల కులాల, తెగల గ్రంథం వచ్చింది. మంత్రగాడని అనుమానించిన మనిషికి ముందుపళ్ళు ఊడగొట్టేవారని ఆ కాలపు రచనల్లో ఉంది, మంత్రం సరిగ్గా పలకలేకుండా. ఫెలిక్స్ పేడెల్ 1995లో తన పుస్తకంలో దీన్ని తిరగేసి చూశాడు. బలి మాన్పిస్తున్నామంటూనే పాలకులు ఆ జనాన్ని మరో రకంగా బలిపెట్టారన్నాడు. 'అడవి అంటే క్షుద్రం' అన్న ఊహ మన నవలాకారులు కొత్తగా కనిపెట్టింది కాదు. ఆ రికార్డులు తయారుచేసి పెట్టినదాన్ని వాళ్ళు వాడుకున్నారు.

ఏజెన్సీలో చేతబడిని చిల్లంగి అంటారు. పిల్లకి జ్వరం తగ్గకపోయినా, పశువు చచ్చినా ఒకరి వైపు వేలు చూపిస్తారు. ఆ వేలు తరచూ భర్త పోయిన ముసలమ్మ వైపో, భూమి తగాదా ఉన్న ఇంటి వైపో తిరుగుతుంది. మగవాళ్ళూ దీనికి బలయ్యారు. "ఆ మాట ఒకసారి పడిందంటే ఆ ఇంట్లో నీళ్ళు కూడా తాగరు మేడమ్, పిల్లకి సంబంధం కూడా రాదు" అని ఒక ఆరోగ్య కార్యకర్త నాతో అంది. జాతీయ నేర గణాంకాల సంస్థ హత్యల కారణాల్లో మంత్రవిద్య అనుమానాన్ని విడిగా లెక్కిస్తుంది. పక్కనే ఉన్న ఒడిశా 2013లో దీనికోసం ప్రత్యేక చట్టమే చేసుకుంది. నవలలో తులసి ప్రాణం కోసం ఉత్కంఠగా పేజీలు తిప్పిన పాఠకులకి, వార్తల్లో ఈ ముసలమ్మ పేరు ఒక్క వాక్యానికి మించి కనబడదు.

అడవి దగ్గరున్న గురుశిష్య సంబంధం ఇదొక్కటే అయితే చెప్పడానికి ఇంకేమీ ఉండేది కాదు. కొరాపుట్, బస్తర్ ప్రాంతాల్లో గురుమాయిలున్నారు. వీళ్ళు కథాగానం చేసే స్త్రీలు. బస్తర్‌లో లఛ్మీ జగార్‌ని రోజుల తరబడి పాడేటప్పుడు ఇద్దరు కూర్చుంటారు. పెద్దామె పాట్ గురుమాయి, తోడు పాడే ఆమె చేలీ గురుమాయి, అంటే శిష్యురాలు. కుండ మీద చేట బోర్లించి, దానికి విల్లు ఆనించి వాయించే ధన్‌కుల్ వాళ్ళ వాద్యం. సవతుల ఇంట నలిగిన వరిలక్ష్మి కథ వాళ్ళ పురాణం. గురుమాయి సుక్‌దాయి పాడిన జగార్‌ని హరిహర్ వైష్ణవ్, క్రిస్ గ్రెగరీ 2003లో పుస్తకంగా తెచ్చారు. ఇక్కడ శిష్యురాలు గురువు శవాన్ని లేపదు. గురువు నోటి పాటని తన నోటిలోకి తీసుకుంటుంది. చేతికి వచ్చేది ప్రతిమా కాదు, యాజమాన్యమూ కాదు, జ్ఞాపకం.

గురుమాయిలున్నంత మాత్రాన కొండల మీద స్త్రీలకి అంతా బాగుందని నేను అనను. జనం ముందు పాడే స్త్రీకి దక్కే గౌరవం, ఒంటరిగా ఆకూ వేరూ నూరే స్త్రీకి దక్కకపోవచ్చు. విద్య ఉన్న ఆడది ఎప్పుడు గురుమాయి అవుతుంది, ఎప్పుడు చిల్లంగిది అవుతుంది అన్నది ఆమె విద్యని బట్టి కాక ఆమె వెనక ఎవరున్నారన్నదాన్ని బట్టి తేలుతోంది. కాబట్టి క్షుద్ర సాహిత్యం మీద మన విమర్శ మూఢనమ్మకం, సైన్సు అనే రెండు గళ్ళ దగ్గర ఆగితే చాలదు. మాంత్రికుడికి ఏ ఊరు ఇచ్చాం, శిష్యుడికి ఏ పని ఇచ్చాం, విద్య తెలిసిన స్త్రీని ఎక్కడ దాచేశాం అని కూడా అడగాలి. డెబ్బై ఏళ్ళు దాటినా నేపాళ మాంత్రికుడి మాటలు మనకి కంఠతా వచ్చు. కొండకి అవతల ఉన్న ఒక్క గురుమాయి పేరైనా మన జానపద సాహిత్య పాఠ్యపుస్తకాల్లోకి ఎప్పుడు వస్తుంది?