అడుగుల లెక్కలో స్మార్ట్ వాచ్ ఎంత నిజం చెబుతుంది?

మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల్లో ఫజర్ నమాజ్ అయ్యాక నడకకు వెళ్లేవాళ్ల చేతికి స్మార్ట్ వాచ్ ఇప్పుడు మామూలైపోయింది. ఇంటికి రాగానే "అబ్బా, ఈ రోజు ఎన్ని అడుగులు?" అని పిల్లలు అడుగుతున్నారు. షుగర్, బీపీ ఉన్నవాళ్లలో కొందరు ఆ అంకె చూసే ఇంకో రౌండ్ వేయాలా, చాలించాలా అని తేల్చుకుంటున్నారు. అందుకే ఆ అంకె ఎలా వస్తుందో, ఎక్కడ తప్పుతుందో తెలిసి ఉండటం మంచిది.

వాచ్ అడుగును ఎలా గుర్తిస్తుంది?

వాచ్‌కు కాళ్లు కనిపించవు. దానికి తెలిసేది చేతి కదలిక మాత్రమే. లోపల యాక్సిలరోమీటర్ అనే చిన్న సెన్సర్ ఉంటుంది. ముందుకీ వెనక్కీ, పక్కలకీ, పైకీ కిందకీ జరిగే కదలికను అది సెకనుకు చాలాసార్లు కొలుస్తుంది. మనం నడిచేటప్పుడు చెయ్యి ఒక లయలో ఊగుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ లయను పట్టుకుని అడుగులుగా లెక్క రాసుకుంటుంది. చాలా వాచ్‌లు వరుసగా కొన్ని అడుగులు పడేదాకా లెక్క మొదలుపెట్టవు. కాబట్టి వంటింట్లో నాలుగడుగులు వేసి ఆగి, మళ్లీ మూడడుగులు వేస్తే అవి లెక్కలోకి రాకపోవచ్చు.

తక్కువ చూపించే సందర్భాలు

చెయ్యి కదలకుండా కాళ్లు నడిస్తే లెక్క తగ్గుతుంది.

- తోపుడు బండి మీద పండ్లు, కూరగాయలు అమ్మేవాళ్లు రోజంతా నడుస్తారు. చేతులు మాత్రం బండిని పట్టుకునే ఉంటాయి.
- జిమ్‌లో ట్రెడ్‌మిల్ రాడ్ పట్టుకుని నడిచినా ఇదే జరుగుతుంది.
- చంటిపిల్లను ఎత్తుకున్నా, నీళ్ల బిందె మోసినా చెయ్యి ఊగదు.
- నానీ, దాదీ లాంటి పెద్దవాళ్లు చేతికర్రతో మెల్లగా, పాదం ఈడుస్తూ నడిస్తే సెన్సర్‌కు లయ సరిగా అందదు.
- ఉమ్రాలో సఫా, మర్వాల మధ్య ఏడు సార్లు చేసే సయీ మొత్తం మూడు కిలోమీటర్లు దాటుతుంది. అమ్మీని వీల్‌చైర్‌లో కూర్చోబెట్టి తోసే కొడుకు వాచ్‌లో అంత నడకా కనిపించకపోవచ్చు.

ఇలాంటప్పుడు ఫోన్‌ను ప్యాంటు జేబులో పెట్టుకోవడం మేలు. అది కాలితో పాటే కదులుతుంది కాబట్టి లెక్క బాగా దగ్గరగా వస్తుంది.

ఎక్కువ చూపించే సందర్భాలు

కాళ్లు ఆగి చెయ్యి ఆడితే లెక్క పెరగొచ్చు. మార్కాపురం పలకలకు పేరున్న ఊరు. కూర్చుని పలక రుద్దే చెయ్యి కూడా ఒక లయలోనే ఆడుతుంది. బట్టలు ఉతకడం, రొట్టెల పిండి పిసకడం, గుంతల రోడ్డు మీద బైక్ నడపడం కూడా అలాంటివే. కొత్త వాచ్‌లు వీటిని చాలావరకు వడకడతాయి గానీ పూర్తిగా కాదు. నమాజ్‌లో రుకూ, సజ్దాలకు నడక లయ ఉండదు. అవి సాధారణంగా అడుగులుగా నమోదు కావు.

పరీక్షల్లో ఏం తేలింది?

2015లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 14 మందిని ట్రెడ్‌మిల్ మీద 500, 1500 అడుగులు నడిపించి చూశారు. నడుముకు పెట్టుకునే పరికరాల్లో తేడా ఒక శాతం లోపే ఉంది. చేతి పరికరాల్లో ఒకటి మాత్రం 22 శాతానికి పైగా తక్కువ చూపించింది. ఆ తర్వాత వాచ్‌లు మెరుగయ్యాయి. అయినా చేతి మీద ఉండే పరికరానికి ఉండే పరిమితి పోలేదు.

క్యాలరీల లెక్క ఇంకా బలహీనం. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఏడు చేతి పరికరాలను పరీక్షించింది. ఏడింటిలో ఆరు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో చూపించాయి. ఖర్చైన క్యాలరీల్లో మాత్రం అన్నిటికంటే మెరుగైన పరికరం కూడా 27 శాతం తప్పింది. "300 క్యాలరీలు కరిగాయి కదా" అని ఇంకో ప్లేటు బిర్యానీ పెట్టుకుంటే నష్టం మనకే.

ఇంట్లోనే సరిచూసుకోండి

ముందుగా వాచ్‌లోని అంకె రాసుకోండి. వాచ్ లేని చేతిలో జిక్ర్ కౌంటర్ పట్టుకుని, అడుగుకో నొక్కు చొప్పున స్కూలు గ్రౌండ్‌లో 500 అడుగులు నడవండి. మళ్లీ వాచ్ చూడండి. 465 పెరిగితే 35 తక్కువ, అంటే 7 శాతం తేడా. రెండు మూడు రోజులు ఇలాగే చూస్తే మీ వాచ్ ఎటు మొగ్గుతుందో తెలిసిపోతుంది. వాచ్ వదులుగా లేకుండా, రోజూ ఒకే చేతికి పెట్టుకోండి. యాప్‌లో మీ ఎత్తు సరిగా నింపండి. 5000 అడుగులకు అడుగు పొడవు 70 సెంటీమీటర్లైతే మూడున్నర కిలోమీటర్లు, 60 అయితే మూడే.

పదివేల అడుగులు తప్పనిసరా?

ఈ అంకె డాక్టర్ల నుంచి వచ్చింది కాదు. 1965లో జపాన్‌లో 'మాన్‌పో-కే' అనే పరికరం అమ్మకానికి వచ్చింది. ఆ పేరుకు పదివేల అడుగుల మీటర్ అని అర్థం. అలా ఆ అంకె ప్రచారంలోకి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చెబుతున్నాయి. చురుకైన నడక ఆ కోవలోకే వస్తుంది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే 150 నిమిషాలు అయినట్టే. దీనికి మామూలు గడియారం చాలు.

స్మార్ట్ వాచ్ పనికిరానిదేమీ కాదు. నిన్నటి కంటే ఈ రోజు, పోయిన వారం కంటే ఈ వారం ఎంత నడిచామో పోల్చుకోవడానికి బాగా ఉపయోగపడుతుంది. ఇద్దరి వాచ్‌లను పక్కపక్కన పెట్టి ఎవరు ఎక్కువ నడిచారని పోటీ పడితే ఆ పోలిక నిలవదు. అంకె బాగుంది కదా అని షుగర్ మాత్ర తగ్గించడం, మానేయడం మాత్రం ప్రమాదం. ఆ నిర్ణయం రక్తపరీక్ష చూసి డాక్టరే తీసుకోవాలి.