సభకు పోయినవాడిది ఏ రాష్ట్రం?



ఈ మధ్య నేను ఒక పార్టీ రాష్ట్ర మహాసభకు పోయి వచ్చినాను. ఏ పార్టీ అని అడగొద్దండి, మన సంఘంలో అన్ని పార్టీలవాళ్లూ ఉన్నారు. రైల్వేలో ఉన్నన్నాళ్లూ రూల్సు ప్రకారం రాజకీయాల్లో తలదూర్చకూడదు. అందుకని అరవై దాటినాక ఇదే నాకు మొదటి సభ. కౌంటరు లోపల కూర్చొని సభలకు పోయేవాళ్లకు టికెట్లు మాత్రం చాలా కొట్టినాను. గుంపుగా వస్తారు, ఒకడు అందరి డబ్బులూ లెక్కపెడతాడు. పోయేటప్పుడు జిందాబాద్‌లు, వచ్చేటప్పుడు గురకలు.

బ్రూస్‌పేట నుంచి మేము బస్సులో పోయినాము. బళ్లారి అని రాసిన బ్యాడ్జి మెడలో వేసి, ఒక సంచి, భోజనం చీటీలు ఇచ్చినారు. వెనక వరసలో కుర్చీ దొరికింది. నాయకులు తెర మీదే కనపడినారు. పక్కన కూర్చున్న చిత్రదుర్గం రైతు నా కన్నడం విని "నీవు తెలుగువాడివా?" అన్నాడు. "ఇంట్లో తెలుగు, బడిలో చదివింది అరవం, రాష్ట్రం కర్ణాటక" అన్నాను. ఆయన నవ్వి "మరి నీ బ్యాడ్జి మీద ఏమని రాయాలి?" అన్నాడు.

ఆయన తమాషాకు అన్నాడు గానీ, నూరేండ్ల కింద మన బళ్లారిలో సభకు పోయేవాడికి అది తమాషా కాదు. ఆ సంగతే ఈ రోజు రాస్తున్నాను.

మొదట అట్లా లేదు. 1885 డిసెంబర్ 28న బొంబాయిలో మొదటి కాంగ్రెస్ కూడినప్పుడు 72 మంది ప్రతినిధులు పోయినారు. పూనాలో జరగాల్సిన సభ, కలరా వచ్చి బొంబాయికి మారింది. మన బళ్లారి నుంచి ఎ. సభాపతి మొదలియారు, గుత్తి నుంచి పి. కేశవ పిళ్లె పోయినవాళ్లలో ఉన్నారు. ఇద్దరి పేర్లలోనూ అరవ వాసన ఉంది చూడండి. నీది ఏ భాష, ఏ రాష్ట్రం అని వాళ్లను ఆపినవాళ్లు లేరు. అందరూ మద్రాసు ప్రెసిడెన్సీవాళ్లే. గుంతకల్లు, రాయచూరు మీదుగా బొంబాయికి రైలు దారి అప్పటికే పడి ఉంది.

1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. 1918 జనవరిలో ఆంధ్రకు వేరే రాష్ట్ర కాంగ్రెస్ కమిటీ వచ్చింది. 1920 నాగపూర్ కాంగ్రెస్‌లో అసలు మార్పు జరిగింది. సర్కారు రాష్ట్రాలతో పని లేకుండా, భాషను బట్టి కాంగ్రెస్ తన రాష్ట్రాలను తానే కట్టుకుంది. నాలుగణాలు కట్టిన ప్రతివాడూ సభ్యుడు. యాభై వేల జనానికి ఒక ప్రతినిధి లెక్కన కింది నుంచి ఎన్నిక. ఊరి పెద్ద వకీళ్లే కాకుండా మామూలు మనిషి కూడా ప్రతినిధిగా పోయే దారి అప్పుడు తెరుచుకుంది.

ఆ దారిలోనే మనకు చిక్కు వచ్చింది. బళ్లారివాడి నాలుగణాల రసీదు ఏ పుస్తకంలో చింపాలి? ఆంధ్ర కమిటీ పుస్తకంలోనా, కర్ణాటక కమిటీ పుస్తకంలోనా? రెండు కమిటీలూ జిల్లా మాదంటే మాదన్నాయి. తగవు తీర్చమని 1921లో ఎన్.సి. కేల్కర్ గారికి అప్పగించినారు. ఆయన ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలను ఆంధ్ర వైపు, పడమటి తాలూకాలను కర్ణాటక వైపు పంచినాడు. తీర్పు వచ్చింది గానీ బళ్లారి ఊరి మీద మనసులు సర్దుకోలేదు.

ఆ రోజుల్లో మన ఊరి కార్యకర్త ఒకడు సంచి సర్దుకుంటున్నాడనుకోండి. 1923 డిసెంబర్‌లో కాంగ్రెస్ కాకినాడలో, అధ్యక్షుడు మౌలానా మహమ్మద్ అలీ. గుంతకల్లు, నంద్యాల మీదుగా బెజవాడ దాకా మీటర్ గేజి, అక్కడ బ్రాడ్ గేజికి మారాలి. మరుసటి ఏడు బెళగావిలో, అధ్యక్షుడు గాంధీగారు. ఆయన అధ్యక్షత వహించింది ఆ ఒక్కసారే. హొసపేట, గదగ, హుబ్బళ్లి మీదుగా పోతే దారి పొడుగునా మీటర్ గేజే. రెండు దిక్కులా ఒకటే కంపెనీ, మద్రాస్ అండ్ సదరన్ మరాఠా. రైలుకు లేని సరిహద్దు మనిషికి వచ్చింది.

బెళగావిలో సభాస్థలానికి విజయనగరం అని పేరు పెట్టినారు. నీళ్లకు తవ్విన బావికి పంపా సరోవరం అన్నారు. రెండూ మన హంపి పేర్లే. కన్నడనాడు ఉదయించాలని హుయిలగోళ నారాయణరావు గారు రాసిన పాట అక్కడ పాడినారు. కృష్ణరాయలు మనవాడని చెప్పుకునే తెలుగువాడికి ఆ పందిట్లో కూర్చుంటే గర్వమూ కలిగి ఉంటుంది, నేను ఇక్కడ ఇంటివాడినా చుట్టాన్నా అనే గుబులూ కలిగి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

1928 నవంబర్‌లో నంద్యాలలో ఆంధ్ర మహాసభ, దానితోనే దత్తమండలాల సభ జరిగినాయి. 1800లో నిజాం కుంఫిణీకి ఇచ్చేసిన జిల్లాలకు 'సీడెడ్', 'దత్త' అనే పేర్లు అవమానంగా ఉన్నాయని, చిలుకూరి నారాయణరావు గారు చెప్పిన 'రాయలసీమ' పేరు ఖాయం చేసినారు. బళ్లారి కూడా ఆ దత్తమండలాల్లోదే. ఈ రోజు రాయలసీమ అంటే మనల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆ పేరు పుట్టిన రోజున మాత్రం మనమూ అందులోనే ఉన్నాము.

తక్కింది మీకు తెలిసిందే. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయినాయి. బళ్లారి తాలూకా మీద జస్టిస్ మిశ్రా విచారణ చేసినాక అది మైసూరుకు వచ్చింది. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం బళ్లారి, సిరుగుప్ప, హొసపేటలను ఆంధ్రకు ఇవ్వమన్నా, కేంద్రం ఒప్పుకోలేదు.

నేను చెప్పేది ఒకటే. సర్కారు మ్యాపులో గీత 1953లో పడింది గానీ, పార్టీ రసీదు పుస్తకంలో 1921లోనే పడింది. ఆ మూడు తాలూకాలు రెండుసార్లూ అటే పోయినాయి. గీత గీసినవాళ్లకు తెలుగు ఎంత, కన్నడం ఎంత అని లెక్క కావాలి. ఒకే వీధిలో తెలుగు, కన్నడం, ఉర్దూ, అరవం, మరాఠీ వినపడే ఊళ్లో నాలాంటివాణ్ణి ఏ గడిలో రాస్తారు? సభల్లో పెద్దల ఉపన్యాసాలు అచ్చులో ఉన్నాయి. వెనక వరసలో కూర్చొని తన ఊరు ఏ పక్క పోతుందో అని చెవులు రిక్కించినవాడి మాట ఎక్కడుంది?

మీ తాతలో, అవ్వలో ఏ సభకైనా పోయి ఉంటే, వాళ్ల బ్యాడ్జి, రసీదు, జాబు, ఆఖరికి సంచి అయినా సరే, పారేయకండి. ఫోటో తీసి సంఘానికి ఇవ్వండి, విన్న కథ ఉంటే రెండు ముక్కలు రాయండి. తెలుగులోనే రాయాలని లేదు, వచ్చిన భాషలో రాయండి. నా బ్యాడ్జి బీరువాలో పెట్టినాను. దాని మీద 'బళ్లారి' అని మాత్రమే ఉంది.